ఊరికే పెట్టిన కూడిక

ఆ పాలెంలో కృతజ్ఞత కూడిక పెట్టాలంటే ముందు ఏదో ఒకటి జరిగి తీరాలి. కూతురికి సుఖంగా కాన్పు కావాలి, కొడుక్కి ఉద్యోగం రావాలి, లేదా లారీ కింద పడబోయిన మనిషి ఒంటి మీద గీత పడకుండా లేచి రావాలి. అప్పుడు పాస్టరు గారిని పిలిచి, వాకిట్లో షామియానా వేసి, పాటలు పాడి, దేవుడు మాకు చేసిన మేలు ఇదీ అని నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పి, వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టి పంపుతారు. కారణం లేకుండా కూడిక పెట్టడమంటే పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళిపందిరి వేయడమే. అలాంటి ఊళ్ళో మోటార్ల హెబ్రోను భార్య ఆనందకుమారి ఒక బుధవారం పొద్దున్నే గిద్యోను పాస్టరు గారింటికి వెళ్ళింది. శనివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, మీరు తప్పకుండా రావాలని చెప్పింది. దేనికమ్మా అని ఆయన అడిగితే, "ఊరికే అయ్యా" అని చెప్పి వచ్చేసింది.

ఊరికే అన్న మాట ఒక ఊరిని ఎంత కలవరపెడుతుందో ఆ మహాతల్లికి తెలియదు.

బిట్రగుంటకి తూర్పుగా, తారు రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది ఆ పాలెం. ఒక పక్క రొయ్యల గుంటలు, ఇంకో పక్క సరుగుడు తోపులు, తోపుల వెనక సముద్రం. సముద్రం ఇళ్ళలోంచి కనపడదు కానీ వినపడుతుంది. రొయ్యలకి ఊపిరాడాలని గుంటల్లో నీళ్ళని చిలికే చక్రాలుంటాయి. వాటిని ఏరేటర్లు అంటారు. వాటి మోటార్లు చెడిపోతే బాగుచేసేవాడు హెబ్రోను. యాభై దాటినవాడు, మాట తక్కువ మనిషి, మోటారు శబ్దం విని దాని రోగం చెప్పగలడు. భార్య మాట మాత్రం సగమే వింటాడని ఊళ్ళో అందరికీ తెలుసు, భార్యకి ఇంకా బాగా తెలుసు.

తన ఇంట్లో కూడిక జరగబోతోందన్న సంగతి కూడా అతనికి పరాయివాళ్ళ నోటి నుంచే తెలిసింది. ముత్యాలయ్య గుంట దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి చక్రం విప్పుతుంటే, గట్టు మీద నుంచి ముత్యాలయ్య కేకేశాడు.

"ఏంది హెబ్రోనూ, శనివారం మీ ఇంట్లో బిర్యానీ అంట గదా! నన్ను పిలవకుండానే తినేస్తారా?"

"నా ఇంట్లోనా? ఎవురు చెప్పినారు?"

"ఊరంతా చెప్పినారు. నీకొక్కడికే చెప్పలేదా ఏంది?" అని ముత్యాలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

మధ్యాహ్నం ఇంటికి పోగానే హెబ్రోను అడిగాడు. "ఏందిమే, కూడికంట?"

"అవునయ్యా. శనివారం."

"దేనికి?"

"ఊరికే."

"ఊరికే ఎవురన్నా పెడతారా?"

"నేను పెడతా. ఇప్పుడు చెప్తే నువ్వు నవ్వుతావు. శనివారం సాక్ష్యంలో చెప్తా గదా, అందరితోపాటు నువ్వూ విను" అని ఆనందకుమారి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.

హెబ్రోను అక్కడితో వదిలేసేవాడే. ఇన్నేళ్ళ కాపురంలో అతను వదిలేసిన సంగతులన్నీ మూట కడితే ఎడ్లబండికి సరిపోతాయి. కానీ లిల్లీ అక్క ఉంది కదా. సంఘంలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. మనసు మంచిదే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రం బజారులో హెబ్రోను బండికి అడ్డం నిలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఏ ఆస్పత్రి తమ్ముడా?"

"ఏ ఆస్పత్రి ఏందక్కా?"

"నా కాడ గూడా దాస్తావా? మా చిన్నమ్మ కూతురు మద్రాసుకి ఆపరేషనుకి పోయే ముందు అచ్చం ఇట్టనే కూడిక పెట్టింది. ఎందుకే అంటే ఊరికే అనింది. అందర్నీ పిలిచి, అందరికీ తన చేత్తో వడ్డించి, అందర్నీ కళ్ళారా చూసుకునింది. మళ్ళా తిరిగి రాలేదు." లిల్లీ అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పోయినారం ఆనందకుమారి నెల్లూరికి పోయొచ్చింది గదా? నిప్పు లేందే పొగ వస్తాదా తమ్ముడా. ధైర్యంగా ఉండు. మేం ప్రార్థనలో పెట్టినాం."

ఆమె వెళ్ళిపోయింది. హెబ్రోను బండి మీద అలాగే కూర్చుండిపోయాడు.

నిజమే, పోయిన వారం ఆనందకుమారి నెల్లూరు వెళ్ళింది. అక్కడ కాపురం ఉండే కూతురు ఫేబీ దగ్గరికి వెళ్ళి, చివరి బస్సుకి తిరిగొచ్చింది. ఏం పని మీద వెళ్ళావని అతను అడగలేదు. అడిగే అలవాటు ఉంటే కదా. పైగా అతని తల్లి సంగతి ఒకటుంది. ఆవిడ రొమ్ములో గడ్డని ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా రవికె కింద దాచుకుని, బియ్యం దంచుకుంటూ, పిల్లల్ని తిట్టుకుంటూ తిరిగింది. తెలిసేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు రోగాన్ని పక్కింటావిడ దగ్గర అడిగి తెచ్చుకున్న నగ కన్నా జాగ్రత్తగా దాస్తారని హెబ్రోనుకి అప్పుడే తెలిసింది.

అతను సరుగుడు తోపు చాటుకి పోయి కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మా ఫేబీ, పోయినారం నువ్వూ అమ్మా యాడికి పోయినారు?"

"అమ్మ చెప్పొద్దనింది నాన్నా. శనివారం నీకే తెలుస్తాది. నువ్వు అడిగినట్టు గూడా అమ్మకి చెప్పబాక."

ఆ పిల్ల గొంతులో ఏదో ఆపుకుంటున్నట్టుంది. నవ్వు ఆపుకునే గొంతు, ఏడుపు ఆపుకునే గొంతు ఫోన్లో ఒక్కలాగే ఉంటాయి. హెబ్రోనుకి ఏడుపే వినపడింది. సరుగుడు ఆకులు పడి మెత్తబడ్డ ఇసుకలో కూలబడ్డాడు. ఇరవయ్యేళ్ళు దాటిన కాపురంలో తను ఈ మనిషి లేకుండా బతకలేడన్న విషయం అతనికి ఆ తోపులో, ఆ పూట, మొదటిసారిగా తెలిసింది. సిగ్గుపడాల్సిన మాటే అయినా నిజం అదే.

తిన్నగా ఇంటికి పోయి అడిగేయొచ్చు. నీకేమైంది, నాకు చెప్పు అని ఒక్క మాట అంటే చాలు. తెలివైనవాడు అదే చేస్తాడు. కానీ హెబ్రోను అడగలేదు. అడిగితే ఆమె చెప్తుంది, చెప్తే అది నిజమైపోతుంది. శనివారం దాకా అడగకుండా ఉంటే శనివారం దాకా ఆమెకి ఏమీ లేనట్టే. మింగలేక కక్కలేక, అతను చూడటం మొదలుపెట్టాడు.

గురువారం తెల్లారగానే లేచి కూర్చుని చూశాడు. గుంటల మీద చక్రాలు చిమ్మే నీటి తుంపర ఊరి వైపు పొగలా కమ్ముకుని ఉంది. అందులోకి ఎండ వచ్చి పడి వాకిలంతా పాలపొంగు రంగుకి తిరిగింది. ఆ వెలుగులో ఆనందకుమారి కళ్ళాపి చల్లుతోంది. చేతిలో నుంచి నీళ్ళు విసనకర్రలా విచ్చుకుని నేల మీద పడుతున్నాయి. ఆ పని ఆమె రోజూ చేస్తుందని అతనికి తెలుసు. ఇంత నెమ్మదిగా, ఇంత చప్పుడు లేకుండా జరుగుతుందని తెలియదు. తర్వాత టీ తెచ్చింది. గ్లాసులోంచి చెంబులోకి, చెంబులోంచి గ్లాసులోకి రెండు మూడుసార్లు వంచి చల్లార్చింది. సన్నటి ధార ఒక్క చుక్క పక్కన పడకుండా దిగింది. ఆ ధార తెగిపోతే ఏమవుతుందోనని హెబ్రోను ఊపిరి బిగబట్టి చూశాడు.

"తాగవయ్యా, ఆరిపోతాది" అంది ఆమె.

తాగాడు. అల్లం వేసి ఉంది. ఎప్పటినుంచి వేస్తున్నావు అని అడిగితే, పెళ్ళైనప్పటి నుంచీ అంది.

ఆ రోజంతా అతనికి లోకం ఏదో నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుంది. ఆనందకుమారి తల దువ్వుకుని, రాలిన వెంట్రుకల్ని వేలికి ఉంగరంలా చుట్టి, కిటికీ సందులో దోపింది. సగం తెల్లబడ్డ ఆ చుట్ట గాలికి కదులుతుంటే అతను చాలాసేపు దాన్నే చూశాడు. పప్పు పొంగితే ఆమె గిన్నెతో మాట్లాడుతుంది, "ఉండు తల్లీ, వస్తా ఉండా గదా" అని. బట్టలు ఆరేస్తూ చర్చి పాట ఒకటి కూనిరాగం తీస్తుంది. ప్రతిసారీ ఒకే చోట ఆగి, మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ తర్వాతి చరణం ఆమెకి రాదు. ఇన్నేళ్ళుగా ఆదివారం ఆదివారం పక్కన నిలబడి పాడుతున్న మనిషికి చరణం రాదని కూడా తను గమనించలేదే అని హెబ్రోనుకి గుండె కలుక్కుమంది. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. గుంటల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పిలుస్తున్నారు. మోటారు ఆగిపోయింది, రొయ్యలు తేలిపోతాయి, రావయ్యా సామీ అని. పోయాడు, కానీ చేతులు మాత్రమే పోయాయి. ముత్యాలయ్య మోటారుకి తీగ తిరగేసి బిగిస్తే చక్రం వెనక్కి తిరిగింది.

"నీకు పిచ్చి పట్టినాదా?" అన్నాడు ముత్యాలయ్య. అతని కళ్ళలోకి చూసి మళ్ళీ, "పొయ్యి పడుకో పో, రేపు చూద్దాం" అని మెత్తగా అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎండ వాలాక హెబ్రోను ఉన్నట్టుండి అడిగాడు. "సముద్రం కాడికి పోదామా?"

ఆనందకుమారి చేతిలో చాట కింద పెట్టింది. "ఎవురన్నా పోయినారా ఏంది?" అంది. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళు సముద్రం చూడటానికి వెళ్ళరు. ఎవరైనా మునిగిపోతే వెళ్తారు, లేకపోతే చుట్టాల పిల్లలు వచ్చి గొడవ చేస్తే వెళ్తారు. భార్యాభర్తలు పనిగట్టుకుని పోవడం సినిమాల్లో మాట.

"ఎవురూ పోలేదు. మనం పోదాం."

ఆమె అతని ముఖం చూసి, చీర కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుంది.

సరుగుడు తోపులో నడుస్తుంటే అడుగుల చప్పుడు వినపడదు. కింద ఏళ్ళ తరబడి రాలిన ఆకు, పైన చెట్ల ఈల. వెలుగు ముక్కలు ముక్కలుగా ఆమె వీపు మీద పడుతూ, జారిపోతూ ఉంది. హెబ్రోను వెనక నడిచాడు. ఈ తోపు అయిపోకుండా ఉంటే బాగుండు అనుకున్నాడు. కానీ తోపు అయిపోయింది, ఒక్కసారిగా సముద్రం వచ్చింది, ఇంత దగ్గర్లో ఇంత పెద్దది ఉందా అనిపించేలా.

తడి ఇసుక మీద చిన్న పీతలు పరుగులు పెట్టి బొరియల్లో దూరాయి. ఆనందకుమారి చీర అంచు ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడింది. అల వెనక్కి పోతూ పాదాల కింద ఇసుకని లాగేస్తుంటే ఆమె తూలి, చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. హెబ్రోను ఆమె ముంజేయి పట్టుకున్నాడు. మోటారు బోల్టు బిగించినంత గట్టిగా పట్టుకున్నాడు.

"వదలయ్యా, ఎవురన్నా చూస్తారు."

"చూడనీ."

"నొప్పిగా ఉండాది."

అతను పట్టు సడలించాడు కానీ వదల్లేదు. దూరంగా ఒక పడవ కదులుతోందో ఆగిపోయిందో తెలియకుండా ఉంది. అలలు వస్తున్నాయి, పోతున్నాయి, వాటికి ఏ తొందరా లేదు. దేవా, ఇక్కడితో ఆపెయ్, ఇంకేమీ అడగను, శనివారం రాకుండా చెయ్ అని హెబ్రోను మనసులో ప్రార్థించాడు. ఆ ప్రార్థన వినడం దేవుడి చేతిలో కూడా లేదని తెలిసే చేశాడు.

"ఏమైంది నీకు?" అని అడిగింది ఆనందకుమారి.

"ఏమీ లేదు. ఊరికే" అన్నాడు.

శనివారం రానే వచ్చింది. మధ్యాహ్నానికే ఫేబీ భర్తతో కలిసి దిగింది, దిగుతూనే ఒక సంచి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. లోపల ఆకాశం రంగు షర్టు ఉంది.

"పోయినారం అమ్మ, నేను షాపులన్నీ తిరిగి ఎంచినాం నాన్నా. కొలతల కోసం నీకు తెలీకుండా నీ పాత షర్టు దొంగతనంగా తీసుకొచ్చింది అమ్మ" అని ఫేబీ ఆపుకోలేక నవ్వింది.

ఇంకొకడైతే అక్కడే తేలికపడేవాడు. కానీ భయపడ్డవాడికి తాడు కూడా పామే. ఒక షర్టుకి ఇంత గుట్టు ఎవరైనా చేస్తారా? అసలు గుట్టు మీద కప్పిన గుడ్డ ఇది అని హెబ్రోను తీర్మానించుకున్నాడు. ఆఖరిసారిగా నాకు షర్టు కొనిందని అనుకుంటూ, బొత్తాలు కూడా కూతురి చేతే పెట్టించుకున్నాడు.

నాలుగు గంటలకల్లా షామియానా నిండిపోయింది. మామూలుగా కూడికకి సగం మంది వస్తారు, మిగతా సగం భోజనాల వేళకి వస్తారు. ఆ రోజు అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. కారణం తెలియని కూడిక కదా, ఎవరూ ఆలస్యం చేయదలచుకోలేదు. లిల్లీ అక్క ముందు చాప మీదే కూర్చుని, కన్నీళ్ళకి సిద్ధంగా కొంగు చేతిలో పట్టుకుని ఉంది. ముత్యాలయ్య ఎప్పుడూ చర్చి గడప తొక్కనివాడు, అతను కూడా తెల్ల పంచె కట్టి వెనక కుర్చీలో చేరాడు. డోలు, తాళాలు మోగాయి, పాటలు అయ్యాయి. పాస్టరు గారు నాలుగు మాటలు చెప్పి, "ఇప్పుడు సహోదరి ఆనందకుమారి సాక్ష్యం" అన్నారు. ఆయన గొంతులో కూడా కాస్త జాలి ఉంది. లిల్లీ అక్క ఆయన్ని కూడా వదలలేదన్నమాట.

ఆనందకుమారి తల మీద కొంగు వేసుకుని లేచి నిలబడింది. హెబ్రోను నేల వంక చూస్తున్నాడు. చాప అంచు ఊడిపోయి ఉంది, దాన్ని వేలితో పట్టుకుని కూర్చున్నాడు.

"అందరికీ వందనాలు" అంది ఆమె. "పోయిన నెల్లో ఒక మంగళవారం. మా ఆయన మధ్యాన్నం కూటికి ఇంటికొచ్చినాడు. ముందురోజు చేపల పులుసు ఉన్యాది. లిల్లీ అక్క చెట్టు మామిడికాయ వేసి పెట్టినా. తిన్నాడు. తిని, వెనక వాకిట్లో గడప మీద కాళ్ళు పెట్టుకుని కటిక నేల మీద పడుకున్నాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా కూర్చున్నా. పొద్దున్నుంచీ పడమటి గాలి నిప్పుల మాదిరి కొట్టి కొట్టి, అప్పుడే ఆగి, సముద్రపు గాలి తిరిగింది. ఒళ్ళంతా చల్లబడింది. మా కోడి వచ్చి ఆయన చేతి పక్కన పడ్డ గింజలు ఏరుకుంటా ఉండాది. నేను అదిలించలేదు. ఆయన కళ్ళు మూసుకునే, పులుసు ఇంకా ఉండాదా అన్నాడు. ఉండాది, రాత్రికి సరిపోతాది అన్నా. అయితే మంచిది అన్నాడు. అంతే."

అందరూ ఎదురు చూశారు. లిల్లీ అక్క ఉండబట్టలేక, "ఆ తర్వాత?" అంది.

"ఆ తర్వాత నిద్రపోయినాడక్కా."

వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆనందకుమారి కొంగు సర్దుకుంది.

"నేను ఇన్నేళ్ళూ ప్రార్థనలో అడిగింది ఇదే గదా, ఇదిగో ఇప్పుడే జరగతా ఉండాది అనిపించింది. సంతోషమేసింది. దాని వెనకాలే భయమేసింది. రేపు ఆ గడప మీద ఆ కాళ్ళుంటాయో లేదో, ఏరేదానికి నేనుంటానో లేదో ఎవురికి తెలుసు? బిడ్డ పుడితే కూడిక పెడతాం, గండం తప్పితే పెడతాం. మేలూ జరక్క, కీడూ రాక, అట్టా గడిచిపోయిన దినానికి మనం ఎవురం పెట్టం. అట్టాంటి దినాలే గదా ఎక్కువ మనకిచ్చింది. దానికి గూడా ఒకసారి వందనం చెప్పాల్ననిపించింది. ఇదే నా సాక్ష్యం."

కూర్చుంది.

కాన్పుకి ప్రార్థన ఉంది, ఉద్యోగానికి ఉంది, సమాధికి ఉంది. చేపల పులుసు తిని పడుకున్నందుకు చేయాల్సిన ప్రార్థన పాస్టరు గారికి ఎవరూ నేర్పలేదు. చివరికి కళ్ళు మూసుకుని, "ప్రభువా, వందనాలు" అని ఊరుకున్నారు. ఆయన చేసిన ప్రార్థనలన్నిట్లో చిన్నది అదేనని, బాగున్నది కూడా అదేనని తర్వాత చెప్పుకున్నారు. లిల్లీ అక్క మాత్రం, "ఇందుకా!" అని పైకే అనేసింది. తెచ్చుకున్న కన్నీళ్ళు వృథా అయ్యాయి పాపం.

భోజనాలు మొదలయ్యాయి. ముత్యాలయ్య రెండోసారి బిర్యానీ పెట్టించుకుంటూ, "ఏమీ జరగనందుకే ఇంత పెట్టినావు తల్లీ, ఏదన్నా జరిగితే ఊరంతా మీ ఇంట్లోనే కాపురం" అన్నాడు. అందరూ నవ్వారు.

హెబ్రోను అక్కడ లేడు. ఇంటి వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి, ముఖం మీద చెంబులు చెంబులుగా నీళ్ళు పోసుకుంటూ ఏడ్చేశాడు. కొత్త షర్టు తడిసిపోయింది. ఏ రోగమూ లేదు, ఆపరేషనూ లేదు. ఆమె ఎక్కడికీ పోవడం లేదు. సంతోషం పట్టలేక డ్రమ్ముని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

అలా నిలబడ్డవాడికి, ఆమె చెప్పిన ఆ మంగళవారాన్ని తను కూడా ఒకసారి తల్చుకుందామని బుద్ధి పుట్టింది. తల్చుకున్నాడు. ఏమీ రాలేదు. ఎదురుగానే వెనక గడప ఉంది. ఆ గడప మీద కాళ్ళు పెట్టుకుని తను పడుకున్నాడట. గాలి తిరిగిందట. ఏదో అన్నాడట. గురువారం టీ ధార గుర్తుంది, వేలికి చుట్టిన వెంట్రుకలు గుర్తున్నాయి, శుక్రవారం అల లాగిన ఇసుక, ఆమె నవ్వు అన్నీ గుర్తున్నాయి. భయంతో చూసినవన్నీ ఉన్నాయి. ఆ మంగళవారం మాత్రం ఎంత వెతికినా లేదు. పులుసు రుచి కూడా లేదు. ఊరందరికీ అన్నం పెట్టి దేవుడికి వందనం చెప్పుకోదగ్గ రోజు నడిమధ్యలో తనే పడుకుని ఉన్నాడు, అయినా తను అక్కడ లేడు. ఎన్ని మంగళవారాలు ఇలా పోయాయో అనుకుంటే మళ్ళీ ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు.

మసక పడేసరికి జనం వెళ్ళిపోయారు. ఫేబీ, అల్లుడు బస్సుకి పోయారు. షామియానా వాళ్ళు గుంజలు పీకుతున్నారు. ఆనందకుమారి వెనక వాకిట్లో గిన్నెలు ముందేసుకుని తోముతోంది. హెబ్రోను పీట లాక్కుని ఎదురుగా కూర్చుని, తోమిన గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. ఆమె వింతగా చూసింది కానీ వద్దనలేదు.

"నీకేదో రోగమనుకున్నా" అన్నాడు.

ఆమె చేయి ఆగింది. "అందుకా ఈ మూడు రోజులూ నన్ను అట్టా చూస్తా ఉన్యావు? పెళ్ళైన కొత్తల్లో గూడా అట్టా చూళ్ళేదు నువ్వు. ఏం పుట్టిందబ్బా ఈయనకి అనుకున్నా" అని నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. "లేదయ్యా. ఏ రోగమూ లేదు. ఇప్పటికైతే లేదు."

ఇప్పటికైతే అన్న మాట ఇద్దరూ విన్నారు. దాన్ని వెనక్కి తీసుకోవాలని ఆమె ప్రయత్నించలేదు.

"నాకు ఆ మంగళవారం గుర్తు లేదుమే" అన్నాడు హెబ్రోను. తప్పు చేసిన పిల్లాడిలా కాదు, జేబులోంచి ఏదో పడిపోయినవాడిలా అన్నాడు. "ఎంత వెతికినా దొరకలేదు. నాకు మళ్ళా చెప్పు."

"ఇందాక చెప్పినా గదా."

"వాళ్ళకి చెప్పినావు. నాకు చెప్పు. ఆ కోడి యాడ నిలబడింది?"

"నీ చేతి కాడ."

"ఏ చెయ్యి?"

"ఎడం చెయ్యి."

"ఎర్ర కోడా, నల్ల కోడా?"

ఆనందకుమారి చెప్పబోయింది. కళ్ళు చిట్లించి గడప వైపు చూసింది. ఆమె ముఖంలో నుంచి నవ్వు మెల్లగా పోయింది.

"ఎర్రదే అనుకుంటా" అంది. తర్వాత, "ఏమోనయ్యా. ఎర్రదో నల్లదో" అంది. ఆ గొంతు హెబ్రోను ఎప్పుడూ వినలేదు. అంత శ్రద్ధగా చూసి దాచుకున్న మనిషి దగ్గర కూడా ఆ రోజు అప్పుడే కరగడం మొదలైంది.

అతను గిన్నె పక్కన పెట్టాడు. పీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని, మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాడు.

"పోతే పోనీ కోడి. మొదట్నించి చెప్పు. నిదానంగా చెప్పు. నేను ఈసారి వింటా."

ఆమె బూడిద చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు ఎండన పడి వచ్చినావు" అని మొదలుపెట్టింది. "బండి చెట్టు కింద పెట్టినావు. కాళ్ళు కడుక్కుని రావయ్యా అంటే వినకుండా అట్టనే కంచం ముందు కూర్చున్నావు."

"కడుక్కున్నా" అన్నాడు హెబ్రోను.

"కడుక్కోలేదు" అంది ఆనందకుమారి.